రక్తం బ్యాగును డీప్ ఫ్రీజర్‌లో పెడితే ఏడాది ఉంటుందా? (కుక్కలు, పిల్లుల రక్తం నిల్వ)

రాత్రిడ్యూటీ_వెట్:
అందరికీ నమస్కారం. గోమార్లు ముసిరే కాలంలో టిక్ ఫీవర్ కేసులు ఎక్కువ. పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 10, 12కి పడిపోయిన కుక్కలను అర్ధరాత్రి తీసుకొస్తారు. ఆ వేళప్పుడు దాత కుక్క దొరకడమే కష్టం. అందుకే క్లినిక్‌లోనే రక్తం నిల్వ పెట్టాలని ఆలోచన. ఇళ్లలో వాడే డబుల్ డోర్ ఫ్రిజ్ ఒకటి, మైనస్ 20 చూపించే పైమూత డీప్ ఫ్రీజర్ ఒకటి ఉన్నాయి. సెంట్రిఫ్యూజ్ మాత్రం ట్యూబులు తిప్పే చిన్నదే. బజారులో 350 మి.లీ. సింగిల్ బ్యాగులు దొరుకుతున్నాయి. తీసిన రక్తాన్ని బ్యాగుతో సహా ఫ్రీజర్‌లో పెడితే ఏడాది వాడుకోవచ్చా? కుదరకపోతే ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంటుంది? పిల్లుల సంగతేమిటి?

బ్లడ్‌బ్యాగ్_టెక్:
పెట్టకండి సార్. మొత్తం రక్తాన్ని మైనస్ 20లో పెడితే ఎర్ర కణాల లోపలా బయటా మంచు స్ఫటికాలు ఏర్పడి పొరలు చిట్లిపోతాయి. కరిగించాక చేతిలో ఉండేది కణాలు కాదు, హిమోగ్లోబిన్ కలిసిన ఎర్ర నీళ్లు. దాన్ని ఎక్కిస్తే ఆక్సిజన్ మోసే పని జరగదు సరికదా, ఆ విడి హిమోగ్లోబిన్ కిడ్నీల మీద పడుతుంది.

ఎర్ర కణాలను ఫ్రీజ్ చేసే పద్ధతి లేకపోలేదు. దాదాపు 40 శాతం గ్లిసరాల్ కలిపి మైనస్ 65 లేదా అంతకంటే తక్కువలో ఉంచుతారు. మనుషుల రక్తనిధుల్లో అరుదైన గ్రూపులను అలా పదేళ్లు దాస్తారు. అసలు కష్టం కరిగించాకే మొదలవుతుంది. గ్లిసరాల్ లోపలే ఉండగా ఎక్కిస్తే కణాలు నీరు పీల్చుకుని పగిలిపోతాయి. అందుకని ముందు 12 శాతం ఉప్పు ద్రావణం, తర్వాత 1.6 శాతం, చివరికి కొంచెం డెక్స్‌ట్రోజ్ కలిపిన 0.9 శాతం సెలైన్‌తో దశలవారీగా కడగాలి. ఓపెన్ సిస్టమ్‌లో (గాలి తగిలే పద్ధతిలో) కడిగిన రక్తాన్ని 24 గంటల్లోపు వాడేయాలి. దీనికి మైనస్ 80 ఫ్రీజర్, కణాలు కడిగే యంత్రం కావాలి. క్లినిక్ స్థాయి పని కాదు.

మీ డీప్ ఫ్రీజర్ ప్లాస్మాకు పనికొస్తుంది. ఎర్ర కణాల చోటు ఫ్రిజ్, 2 నుంచి 6 డిగ్రీల మధ్య. సీపీడీఏ-1 (గడ్డకట్టనివ్వని సిట్రేట్, పోషకాలు ఉన్న ద్రావణం) బ్యాగులోని కుక్క రక్తానికి 28 రోజులు లెక్క పెట్టుకోండి. ప్లాస్మా తీసేసి శాగ్‌ఎమ్ లాంటి పోషక ద్రావణం కలిపిన ప్యాక్డ్ సెల్స్‌కు 35 రోజుల వరకు ఇవ్వవచ్చు.

ప్లాస్మా_పద్మ:
టెక్ గారు చెప్పినదానికి ప్లాస్మా వైపు నుంచి కొంత కలుపుతాను. తీసిన 8 గంటల్లోపు వేరు చేసి ఫ్రీజ్ చేసినదే ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా. మైనస్ 18 కంటే చల్లగా ఉంటే ఏడాదిపాటు రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు, అంటే ఫ్యాక్టర్లన్నీ పనిచేసే స్థితిలో ఉంటాయి. ఫ్యాక్టర్ 5, ఫ్యాక్టర్ 8 త్వరగా పాడయ్యే రకం, గడియారం చూసుకోవాల్సింది వాటి కోసమే. ఆలస్యంగా వేరు చేసినా, ఏడాది దాటినా దాన్ని పారేయకండి. లేబుల్‌ను ఫ్రోజెన్ ప్లాస్మా అని మార్చి, తీసిన తేదీ నుంచి ఐదేళ్ల వరకు ఉంచవచ్చు.

వేరు చేయడానికి సింగిల్ బ్యాగు చాలదు, డబుల్ గానీ ట్రిపుల్ గానీ ఉండాలి. ట్రిపుల్‌లో రక్తం పడే బ్యాగు, శాగ్‌ఎమ్ ఉన్న బ్యాగు, ప్లాస్మా కోసం ఖాళీ బ్యాగు మూడూ ట్యూబులతో కలిసే వస్తాయి, కాబట్టి గాలి తగలదు. బ్యాగులు పట్టే రిఫ్రిజిరేటెడ్ సెంట్రిఫ్యూజ్‌లో 4 డిగ్రీల దగ్గర 5000 జి బలంతో 5 నిమిషాలు. ఎదురెదురు కప్పుల బరువు సమానంగా ఉండాలి. ఆగేటప్పుడు బ్రేక్ వేయకూడదు, వేస్తే కింద పేరుకున్న కణాలు మళ్లీ పైకి లేస్తాయి. తర్వాత బ్యాగును ప్లాస్మా ఎక్స్‌ప్రెసర్‌లో పెట్టి మెల్లగా నొక్కాలి. ఎర్ర గీత ట్యూబు వైపు వస్తుండగానే క్లాంపు వేసేయాలి. 450 మి.లీ. బ్యాగు నుంచి ప్లాస్మా సుమారు 200 మి.లీ. వస్తుంది. చిన్న కుక్కలను దృష్టిలో పెట్టుకుని దాన్ని రెండు మూడు చిన్న బ్యాగులుగా విడగొడితే వృథా ఉండదు. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ ఫ్రీజ్ చేయలేం కదా.

తిరుపతి_పీజీ:
మేడమ్, బ్యాగు సెంట్రిఫ్యూజ్ లేకపోతే ఫ్రిజ్‌లో నిలబెట్టి కణాలు కిందికి దిగాక ప్లాస్మా తీసుకోవచ్చా? లేదంటే దగ్గర్లోని మనుషుల రక్తనిధిలో తిప్పించుకోవచ్చా?

ప్లాస్మా_పద్మ:
రెండోది అడగనే వద్దమ్మా. వాళ్ల లైసెన్సు మనుషుల రక్తానికే. జంతువుల రక్తం ఆ యంత్రాల్లోకి వెళ్లడం వాళ్ల రోగులకూ మంచిది కాదు.

మొదటిది సాధ్యమే, కానీ దానికి హద్దులున్నాయి. గుర్రం రక్తమైతే కణాలు ఒకదానికొకటి అతుక్కుని గంటా రెండు గంటల్లో దిగిపోతాయి, అందుకే గుర్రాల ప్లాస్మాను నిలబెట్టి తీయడం మామూలే. కుక్క రక్తం అంత త్వరగా దిగదు. రాత్రంతా ఆగాల్సి వస్తే 8 గంటల గడువు దాటిపోతుంది. అలా తీసినది ఫ్రోజెన్ ప్లాస్మాయే గానీ ఫ్రెష్ ఫ్రోజెన్ కాదు. కణాలు కూడా కొన్ని పైనే ఉండిపోతాయి, ఫ్రీజ్ చేస్తే అవి పగిలి ప్లాస్మా గులాబీ రంగుకు తిరుగుతుంది.

తిరుపతి_పీజీ:
ఏడాది దాటిన ప్లాస్మాతో ఉపయోగం ఏ కేసుల్లో మేడమ్?

కృష్ణాతీరం_వెట్:
దీనికి నేను జవాబిస్తాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా కనిపించే కేసే ఇది: ఎలుకల మందు. బ్రోమడియోలోన్ లాంటివి తిన్న కుక్కలో తగ్గేవి విటమిన్ కె మీద ఆధారపడే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు. ఇవి నిల్వలో గట్టిగా నిలిచేవి. కాబట్టి మూడేళ్ల నాటి ఫ్రోజెన్ ప్లాస్మా అయినా, దారిలో కరగకుండా ఉన్నదైతే, ఇక్కడ బాగా పనిచేస్తుంది. మోతాదు కిలోకు 10 నుంచి 20 మి.లీ. దాంతోపాటే విటమిన్ కె1 మొదలుపెట్టాలి. లివర్ కొత్త ఫ్యాక్టర్లు తయారు చేసుకోవడానికి సుమారు 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఆ మధ్య కాలాన్ని దాటించడానికే ప్లాస్మా. కె1ను కిలోకు రోజుకు 2.5 నుంచి 5 మి.గ్రా. చొప్పున కొవ్వున్న తిండితో నోటి ద్వారా మూడు నాలుగు వారాలు ఇవ్వాలి. ఆపిన 48 నుంచి 72 గంటలకు పీటీ పరీక్ష (రక్తం గడ్డకట్టే సమయం చూసేది) తప్పకుండా చేయాలి. నరంలోకి ఇస్తే అనాఫిలాక్సిస్ (ప్రాణం తీసే అలర్జీ) భయం ఉంది, ఇవ్వకండి.

అదే హీమోఫిలియా ఏ (ఫ్యాక్టర్ 8 లోపం) అయితేనో, డాబర్‌మన్‌లలో కనిపించే వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి అయితేనో పాత ప్లాస్మా పనికిరాదు. వాటికి ఫ్రెష్ ఫ్రోజెన్ లేదా క్రయోప్రెసిపిటేట్ (ప్లాస్మాలో ఆ ఫ్యాక్టర్లు చిక్కగా ఉన్న భాగం) కావాలి.

పార్వో వైరస్ సోకిన కుక్కపిల్లలకు ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) పెంచడానికి ప్లాస్మా ఎక్కించేవాళ్లూ ఉన్నారు. లెక్క చూడండి: ఆల్బుమిన్ డెసిలీటరుకు అర గ్రాము పెరగాలంటే కిలోకు 22 మి.లీ. దాకా పోయాలి. ఉన్న రెండు బ్యాగులనూ దానికి ఖర్చు పెట్టేస్తే ఆ రాత్రి వచ్చే ఎలుకల మందు కేసుకు ఏమీ మిగలదు.

బ్లడ్‌బ్యాగ్_టెక్:
ఇక ఫ్రిజ్ విషయం. ఇంటి ఫ్రిజ్ తలుపు అరల్లో బ్యాగు పెట్టకూడదు, తెరిచిన ప్రతిసారీ వేడెక్కుతుంది. వెనక గోడకు ఆనించినా ప్రమాదమే, అక్కడ సున్నాకు దిగి కణాలు పగులుతాయి. బ్యాగు పెట్టే ముందు ఒక వారం పరీక్షించండి. 100 మి.లీ. నీళ్ల సీసాలో కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రత చూపే థర్మామీటరు ప్రోబ్ ముంచి నడిమి అరలో పెట్టి, రోజుకు రెండుసార్లు రాసుకోండి. ప్రోబ్ గాలిలో వేలాడితే తలుపు తీయగానే అంకె ఎగురుతుంది, రక్తం అసలు వేడి తెలియదు. వారంలో ఒక్కసారైనా 2 కంటే దిగినా 6 దాటినా ఆ ఫ్రిజ్ రక్తానికి వద్దు.

బయటికి తీసిన బ్యాగు అరగంట దాటితే తిరిగి పెట్టకూడదు. మన ఎండాకాలంలో ఆ అరగంట కూడా ఎక్కువే అనుకోండి.

కృష్ణాతీరం_వెట్:
ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. నెలకు రెండు మూడు సార్లు రక్తం ఎక్కించే క్లినిక్ ఫ్రిజ్‌లో బ్యాగులు దాచడం నాకు నచ్చదు. 28 రోజులు ఇట్టే గడిచిపోతాయి. దాత కుక్క మెడలో సూది గుచ్చి తీసిన రక్తం చివరికి డ్రైనేజీలో పోతుంది. మాటల్లో ఒప్పుకోలేని జంతువు నుంచి తీసుకుని పారబోయడం తప్పు. దానికంటే ముందే పరీక్షలు చేసి, గ్రూపు తెలిసిన పది పదిహేను దాత కుక్కల జాబితా, వాళ్ల ఇళ్ల ఫోన్ నంబర్లు పెట్టుకోవడం మేలు.

రాత్రిడ్యూటీ_వెట్:
జాబితా అవసరమే సార్, కాదనను. కానీ రాత్రి రెండింటికి ఎవరిని పిలవగలం? పీసీవీ 9తో వచ్చిన కుక్క తెల్లారే దాకా ఆగదు.

ప్లాస్మా_పద్మ:
ఇద్దరి మాటా సరైనదే. ఒకే ఊళ్లో నాలుగైదు క్లినిక్‌లు కలిసి వంతులవారీగా ఎప్పుడూ రెండు బ్యాగులు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. 20 రోజులు దాటిన బ్యాగు ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి, ముందు అదే వాడాలి. అదృష్టవశాత్తూ చాలా కుక్కల ఎర్ర కణాల్లో పొటాషియం మొదటే తక్కువ. మనుషుల రక్తంలా నిల్వతో పొటాషియం అంతగా పెరిగిపోదు, అకిటా లాంటి కొన్ని జాతుల్లో తప్ప. పెరిగేది అమ్మోనియా. లివర్ చెడిన కుక్కకు మాత్రం కొత్త బ్యాగే ఇవ్వండి.

లాబ్_ఇంటివాళ్లు:
మేం డాక్టర్లం కాదు, మా ఇంట్లో 32 కిలోల లాబ్రడార్ ఉంది. రక్తదానం చేయించవచ్చా? వాడికి ఏమైనా అవుతుందా?

కృష్ణాతీరం_వెట్:
అడిగినందుకు ధన్యవాదాలు అండీ. వయసు ఒకటి నుంచి ఎనిమిదేళ్ల మధ్య, బరువు 25 కిలోలు దాటి, టీకాలు, నట్టల మందు సక్రమంగా పడి, పీసీవీ 40 పైన ఉండి, ఇంతవరకు తనకు రక్తం ఎక్కించనిది అయితే ఇవ్వవచ్చు. కిలోకు 16 మి.లీ. మించకుండా తీస్తాం. మీ వాడి నుంచి 450 మి.లీ. బ్యాగు ఇబ్బంది లేకుండా వస్తుంది. తీసే ముందు రాత్రి నుంచి తిండి పెట్టకండి, తిన్న కుక్క ప్లాస్మా కొవ్వుతో పాలలా ఉంటుంది. దానానికీ దానానికీ మధ్య కనీసం రెండు నెలలు ఎడం ఇద్దాం.

మన ప్రాంతంలో అన్నిటికంటే ముఖ్యం ఎర్లీకియా, బెబీసియా, అనాప్లాస్మా, హెపటోజూన్ అనే గోమార్ల జబ్బుల పరీక్షలు. స్లైడు మీద ఏమీ కనిపించలేదని వదిలేయకండి. పైకి ఆరోగ్యంగా ఉన్న కుక్కలో బెబీసియా గిబ్సోని స్లైడుకు దొరకనంత తక్కువగా దాగి ఉంటుంది, పీసీఆర్ చేయించాలి. ఫ్రిజ్‌లో పెడితే అది చచ్చిపోతుందనే భ్రమ వద్దు. ఒకసారి బెబీసియా వచ్చి తగ్గిన కుక్కను ఇక ఎప్పటికీ దాతగా తీసుకోకూడదు.

బ్లడ్‌బ్యాగ్_టెక్:
తీసేటప్పుడు తూకం దగ్గరే ఎక్కువ బ్యాగులు చెడతాయి. 350 మి.లీ. బ్యాగులో 49 మి.లీ. సీపీడీఏ-1 ఉంటుంది, 450 దాంట్లో 63. రెండింటిలోనూ రక్తానికి ఏడో వంతు. కాబట్టి 350 బ్యాగులోకి 315 కంటే తక్కువ, 385 కంటే ఎక్కువ పడకూడదు. తక్కువైతే సిట్రేట్ పాలు పెరిగి కణాలు దెబ్బతింటాయి, ఎక్కువైతే గడ్డలు. వంటింటి డిజిటల్ కాటా చాలు. ఖాళీ బ్యాగు పెట్టి సున్నా చేయండి. మి.లీ. రక్తం సుమారు 1.05 గ్రాములు, అంటే 350 మి.లీ.కి 368 గ్రాముల దగ్గర ఆపాలి. 22 కిలోల కంటే చిన్న కుక్క నుంచి ఈ బ్యాగు నింపాలని చూడవద్దు.

మెడ నరం నుంచే తీయండి, బొచ్చు గీసి, శస్త్రచికిత్సకు చేసినట్టే శుభ్రం చేసి. బ్యాగు కుక్క కంటే కింద ఉండాలి, ఎవరో ఒకరు దాన్ని మెల్లగా అటూ ఇటూ వంచుతూనే ఉండాలి. పది నిమిషాల్లో నిండాలి. పదిహేను పట్టిందంటే లోపల గడ్డకట్టడం మొదలై ఉంటుంది, ఆ బ్యాగు నుంచి ఫ్రెష్ ఫ్రోజెన్ చేయకండి. ట్యూబులోని రక్తాన్ని బ్యాగులోకి నెట్టి, మళ్లీ నింపి, మూడు నాలుగు ముక్కలుగా సీల్ చేయండి. క్రాస్ మ్యాచ్‌కు (దాత రక్తం, రోగి రక్తం పొసగుతాయో చూసే పరీక్షకు) ఆ ముక్కలే వాడాలి, బ్యాగును పొడవకూడదు.

పిల్లుల_డాక్టర్:
పిల్లుల సంగతి వదిలేశారు. పిల్లి రక్తానికి కుక్కల బ్యాగు వాడకండి. నాలుగున్నర కిలోల పిల్లి నుంచి కిలోకు 10 నుంచి 12 మి.లీ. కంటే తీయలేం, మొత్తం 50 మి.లీ. లోపే. 60 మి.లీ. సిరంజిలో 7 మి.లీ. సీపీడీఏ-1 తీసుకుని, 19 గేజ్ బటర్‌ఫ్లై సూదితో 49 మి.లీ. రక్తం దాకా. మత్తు తప్పదు, కానీ ఎసిప్రొమజీన్ వద్దు, బీపీ పడిపోతుంది. తీశాక రెండు మూడింతల సెలైన్ ఇవ్వాలి. ఇది ఓపెన్ సిస్టమ్, కాబట్టి ఫ్రిజ్‌లో 24 గంటలే. నిల్వ అనే మాటే లేదు.

గ్రూపు చూడకుండా పిల్లికి ఒక్క చుక్క కూడా ఎక్కించకండి. కుక్కకు డీఈఏ 1 (కుక్కల ముఖ్యమైన రక్తం గ్రూపు) మీద పుట్టుకతో యాంటీబాడీలు ఉండవు కాబట్టి మొదటిసారి చాలావరకు గట్టెక్కుతుంది. అయినా టైపింగ్ చేయాలి, ఎందుకంటే నెగెటివ్ కుక్కకు పాజిటివ్ రక్తం పోస్తే రెండోసారి చిక్కు వస్తుంది. మొదటి రక్తం ఎక్కించి నాలుగు రోజులు దాటితే క్రాస్ మ్యాచ్ తప్పనిసరి. పిల్లి అలా కాదు. బి గ్రూపు పిల్లికి ఏ గ్రూపు రక్తం ఒక్క మి.లీ. పడినా చనిపోవచ్చు. ప్లాస్మాకూ ఇదే నియమం, బి పిల్లి ప్లాస్మాలో ఏ కణాలను పగలగొట్టే యాంటీబాడీలు నిండా ఉంటాయి.

తిరుపతి_పీజీ:
పిల్లి రక్తం ఎక్కడా దొరకనప్పుడు కుక్క రక్తం ఇస్తారని విన్నాను, నిజమేనా?

పిల్లుల_డాక్టర్:
నిజమే, వేరే దారి లేనప్పుడు, జీవితంలో ఒకే ఒక్కసారి. ఆ కణాలు నాలుగు రోజుల లోపే నశిస్తాయి, ఆలోగా సరైన పిల్లి రక్తం వెతుక్కోవాలి. వారం తర్వాత రెండోసారి కుక్క రక్తం ఇస్తే అనాఫిలాక్సిస్‌తో పోతుంది. కేస్ షీటు మీద ఎర్ర అక్షరాలతో రాసి, ఇంటివాళ్లకూ కాగితం మీద ఇవ్వాలి.

రాత్రిడ్యూటీ_వెట్:
చాలా తెలిసింది. టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు 10 వేలకు పడిపోతే నిల్వ రక్తం సాయపడుతుందా?

ప్లాస్మా_పద్మ:
ప్లేట్‌లెట్లకు సాయపడదు. ఫ్రిజ్ చల్లదనానికి అవి పనికిరాకుండా పోతాయి, ఫ్రోజెన్ ప్లాస్మాలోనూ బతికిన ప్లేట్‌లెట్లు ఉండవు. తీసి 8 గంటలు దాటని, ఫ్రిజ్‌లో పెట్టని తాజా రక్తమే దారి. అదైనా కిలోకు 10 మి.లీ. పోస్తే 10 వేలు పెరగడం గొప్ప. ఎర్లీకియాలో అవి కూడా త్వరగా నశిస్తాయి, అసలు మందు డాక్సీసైక్లినే. పీసీవీ పడిపోయి ఊపిరి ఆడని కుక్కకు మాత్రం ఫ్రిజ్ బ్యాగు ప్రాణం నిలబెడుతుంది.

బ్లడ్‌బ్యాగ్_టెక్:
ఎంత ఎక్కించాలో లెక్క: బరువు × 90 × (కావాల్సిన పీసీవీ నుంచి ఉన్న పీసీవీ తీసేయగా వచ్చినది) ÷ దాత పీసీవీ. 25 కిలోల కుక్క, 12 నుంచి 22కి తేవాలి, దాత 45 అనుకుంటే 25 × 90 × 10 ÷ 45 = 500 మి.లీ. పిల్లికి 90 బదులు 60.

ఎక్కించే ముందు బ్యాగును వెలుతురులో చూడండి. ముదురు గోధుమ, నల్ల ఊదా రంగు కనిపించినా, గడ్డలున్నా, పైన నిలిచిన ప్లాస్మా ఎర్రగా మారినా వాడకూడదు. ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరిగే బాక్టీరియా ఉన్నాయి. 170 నుంచి 260 మైక్రాన్ ఫిల్టరున్న బ్లడ్ సెట్టే వాడాలి. అదే లైనులో సాధారణ సెలైన్ తప్ప మరేదీ వద్దు. రింగర్స్ లాక్టేట్‌లోని కాల్షియం సిట్రేట్‌ను కట్టేసి గడ్డలు చేస్తుంది, ఉప్పు లేని డెక్స్‌ట్రోజ్ ద్రావణం కణాలను పగలగొడుతుంది. మొదటి అరగంట కిలోకు గంటకు 0.5 మి.లీ. చొప్పున మెల్లగా, 15 నిమిషాలకోసారి వేడి, నాడి, ఊపిరి చూస్తూ. జ్వరం ఒక డిగ్రీ పెరిగినా, వాంతి, దద్దుర్లు, ఎర్ర మూత్రం ఏది కనిపించినా ముందు ఆపేయండి. మొత్తం నాలుగు గంటల్లో అయిపోవాలి.

ప్లాస్మా_పద్మ:
ఫ్రోజెన్ బ్యాగు కరిగించడం కూడా జాగ్రత్తైన పనే. మైనస్ 20లో ఆ ప్లాస్టిక్ గాజులా పెళుసు, కింద పడితే పగులుతుంది. జిప్ కవర్లో వేసి 37 డిగ్రీల నీళ్లలో 20, 30 నిమిషాలు ఉంచండి, మూతులు నీళ్లకు పైనే ఉండాలి. మరిగే నీళ్లు, మైక్రోవేవ్ వద్దు, ప్రోటీన్లు ఉడికిపోతాయి. లోపల తెల్లటి తరకలు తేలుతుంటే ఇంకా పూర్తిగా కరగలేదన్నమాట, ఇంకాసేపు ఉంచండి. జిప్ కవర్లోకి ప్లాస్మా కారి ఉంటే బ్యాగుకు పగులు ఉంది, వాడవద్దు. కరిగాక నాలుగు గంటల్లో ఎక్కించేయండి.

కృష్ణాతీరం_వెట్:
చట్టం వైపు కూడా ఒక మాట. కేంద్ర పశుసంవర్ధక, పాడి శాఖ 2025లో జంతువుల రక్తమార్పిడి, రక్తనిధుల మీద జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. డబ్బు తీసుకోని స్వచ్ఛంద దానం, టైపింగ్, క్రాస్ మ్యాచ్, దాత జంతువు సంక్షేమం అందులో ఉన్నాయి. నిల్వ మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకుని చదవండి. పద్ధతి చూడాలనుకుంటే చెన్నైలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీలో జంతువుల రక్తనిధి ఉంది.

రాత్రిడ్యూటీ_వెట్:
సరే, డబుల్ బ్యాగులు, బ్యాగు సెంట్రిఫ్యూజ్ సమకూరే వరకు ఫ్రీజర్ జోలికి వెళ్లను. ఫ్రిజ్ పరీక్ష రేపే మొదలు. ఒక్క సందేహం మిగిలింది. రాత్రి కరెంటు పోయి ప్లాస్మా కరిగి, తెల్లారేసరికి మళ్లీ గట్టిపడితే ఎలా తెలుస్తుంది?

బ్లడ్‌బ్యాగ్_టెక్:
ఫ్రీజ్ చేసేటప్పుడే బ్యాగు నడుముకు రబ్బరు బ్యాండు వేయండి. గట్టిపడ్డాక తీసేస్తే అక్కడ నొక్కు మిగిలిపోతుంది. ఎప్పుడైనా కరిగి మళ్లీ గట్టిపడితే ఆ నొక్కు పోతుంది. నొక్కు లేని బ్యాగు ఎక్కించకండి. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రీజర్ కొనవద్దు, మంచు కరిగించుకోవడానికి అదే మధ్యమధ్యలో వేడెక్కుతుంది. మీ పైమూత ఫ్రీజరే నయం. ఖాళీ చోటంతా గట్టిపడ్డ నీళ్ల సీసాలతో నింపితే కరెంటు పోయినా చల్లదనం చాలాసేపు నిలుస్తుంది. మైనస్ 18 దాటగానే మోగే అలారం ఒకటి పెట్టి, దాని కూత రాత్రి డ్యూటీ వాళ్లు పడుకునే గదిలో వినబడేలా చూసుకోండి.